ఇంట్లో సర్వర్, దాని ముందు రివర్స్ ప్రాక్సీ: సైట్ మొరాయించినప్పుడు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ అంతటికీ ఒకటే అమరిక అనుకుందాం. హనుమకొండలో ఓ ఇంట్లో పాత డెస్క్‌టాప్, దాని మీద ఉబుంటు లైనక్స్, ప్రోగ్రాములను కంటెయినర్లనే విడి డబ్బాల్లో నడిపే డాకర్. ఏ కంటెయినర్ ఎలా నడవాలో రాసే కంపోజ్ ఫైల్లో మూడు సర్వీసులు: బయటి రిక్వెస్టులను అందుకుని వెనక్కి అందించే రివర్స్ ప్రాక్సీ ఇంజిన్‌ఎక్స్ పేరు ‘ప్రాక్సీ’, వెనక ఉండే నెక్స్ట్‌క్లౌడ్ (సొంత ఫైళ్లు, ఫోటోలు దాచుకునే సాఫ్ట్‌వేర్) పేరు ‘వెబ్’, దాని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పేరు ‘డీబీ’. మీ దగ్గర నెక్స్ట్‌క్లౌడ్ బదులు స్కూలు మార్కుల సాఫ్ట్‌వేరో, విత్తనాల షాపు స్టాకు రిజిస్టరో ఉండొచ్చు. జబ్బులు మాత్రం అవే. కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాం, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి. ఇంజిన్‌ఎక్స్ సెట్టింగ్ పేర్లలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, అండర్‌స్కోర్ ఉంటుంది.

సైట్ ఓపెన్ అయితలేదు. ముందుగాల ఎక్కడ చూడాలె?

వెంటనే రీస్టార్ట్ కొట్టకండి. ‘డాకర్ కంపోజ్ డౌన్’ అసలే వద్దు. అది కంటెయినర్లను తీసేస్తుంది, వాటితో పాటే లాగ్స్ (ఏం జరిగిందో రాసుకున్న చిట్టా) కూడా పోతాయి. మళ్లీ అప్ చేశాక సైట్ వచ్చినా, ఎందుకు పోయిందో ఇక తెలియదు. వచ్చే వారం మళ్లీ పోతుంది.

బ్రౌజర్ చూపిస్తున్న తప్పును చదవండి. ఆ మాట ఎవరు చెప్తున్నారో తేలితే సగం పని అయినట్టే. చాలాసేపు తిరిగి తిరిగి ‘టైమ్‌డ్ ఔట్’ అంటే రిక్వెస్ట్ మీ మెషిన్ దాకా రాలేదు, డీఎన్ఎస్ (పేరును ఐపీ చిరునామాగా మార్చేది), రూటర్, ఫైర్‌వాల్ చూడాలి. వెంటనే ‘రెఫ్యూజ్డ్’ అంటే మెషిన్ దొరికింది కానీ ఆ పోర్ట్ దగ్గర వినేవాళ్లు లేరు, ప్రాక్సీ కంటెయినరే పడిపోయి ఉంటుంది. సర్టిఫికెట్ హెచ్చరిక వచ్చిందంటే ప్రాక్సీ దాకా చేరారు. 502, 504 కింద ఇంజిన్‌ఎక్స్ పేరు కనిపిస్తే ప్రాక్సీ బతికే ఉంది, తేడా దాని వెనక. నెక్స్ట్‌క్లౌడ్ సొంత రంగుల్లో ఎర్రర్ పేజీ వస్తే ప్రాక్సీ జోలికి పోనక్కర్లేదు.

ఆ తర్వాత ఈ మూడు, ఇదే వరసలో:

డాకర్ కంపోజ్ పీఎస్ -ఏ
డాకర్ కంపోజ్ లాగ్స్ --టెయిల్ 50 ప్రాక్సీ
డాకర్ కంపోజ్ ఎగ్జెక్ ప్రాక్సీ కర్ల్ -వీ హెచ్‌టీటీపీ://వెబ్:80

మొదటిదానికి -ఏ తగిలించకపోతే ఆగిపోయిన కంటెయినర్లు కనిపించవు. మనకు కావలసింది అవే కదా. మూడోది ప్రాక్సీ లోపల నిలబడి వెబ్‌ను పిలవడం. అది పలికితే తప్పు ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో ఉంది. పలకకపోతే వెబ్‌లోనో, రెండింటి మధ్య నెట్‌వర్క్‌లోనో ఉంది. నెక్స్ట్‌క్లౌడ్ 400 అని కసిరినా పరవాలేదు, పలికింది చాలు.

502 బ్యాడ్ గేట్‌వే వస్తది. ఏంది దీని కథ?

వెనకవాడి నుంచి సరైన జవాబు రాలేదని ప్రాక్సీ చెప్తోంది. ఎందుకు రాలేదో ప్రాక్సీ ఎర్రర్ లాగ్‌లో ఒక్క వాక్యంలో రాసి ఉంటుంది. 502కు పదహారు మందులు ప్రయత్నించే ముందు ఆ వాక్యం చదవండి.

‘111: కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే పేరు దొరికింది, ఆ పోర్ట్‌లో ఎవరూ లేరు. దీనికి మూడు కారణాలు పదేపదే కనిపిస్తాయి. ఒకటి, పోర్ట్ తారుమారు. కంపోజ్ ఫైల్లో 8080:80 అని ఉంటే ఎడమది ఇంటి మెషిన్‌ది, కుడిది కంటెయినర్ లోపలిది. ప్రాక్సీ, వెబ్ ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడు వాడాల్సింది కుడిది, అంటే వెబ్:80. రెండు, ప్రాక్సీ కాన్ఫిగ్‌లో లోకల్‌హోస్ట్ అని రాయడం. కంటెయినర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే, మీ డెస్క్‌టాప్ కాదు. ప్రాక్సీ తనను తానే పిలుచుకుంటూ ఉంటుంది. మూడు, సొంతంగా రాసుకున్న ఫ్లాస్క్, నోడ్ యాప్‌లలో ఎక్కువ: యాప్ 127.0.0.1 మీద వింటోంది. దాన్ని 0.0.0.0 మీద వినమనాలి, లేకపోతే పక్క కంటెయినర్ పిలుపు దానికి వినపడదు.

‘హోస్ట్ నాట్ ఫౌండ్ ఇన్ అప్‌స్ట్రీమ్’ అంటే పేరే దొరకలేదు. మొదలయ్యేటప్పుడే ఇది వస్తే ఇంజిన్‌ఎక్స్ లేవదు, 502 బదులు ‘రెఫ్యూజ్డ్’ కనిపిస్తుంది. వెబ్ అప్పటికి లేవలేదు, లేదా రెండూ వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నాయి. ‘డాకర్ రన్’తో విడిగా లేపిన కంటెయినర్ డిఫాల్ట్ బ్రిడ్జ్‌లో పడుతుంది, అక్కడ పేర్లతో పిలుచుకోవడం కుదరదు. రెంటినీ మీరు తయారుచేసిన ఒకే నెట్‌వర్క్‌లో పెట్టండి.

‘అప్‌స్ట్రీమ్ సెంట్ టూ బిగ్ హెడర్’ వస్తే గుర్తుపట్టడం తేలిక: హోమ్ పేజీ వస్తుంది, లాగిన్ అవగానే 502. యాప్ పంపే కుకీలు ఇంజిన్‌ఎక్స్ బఫర్‌లో పట్టడం లేదు. ప్రాక్సీ బఫర్ సైజ్ 16కే, ప్రాక్సీ బఫర్స్ 4 16కే అని పెట్టండి.

వెబ్‌ను అప్‌డేట్ జేసిన. కంటెయినర్ మంచిగనే నడుస్తుంది, సైట్ మాత్రం 502.

అప్‌డేట్‌తో కంటెయినర్ కొత్తగా పుట్టింది, కొత్త ఐపీ వచ్చింది. మామూలు కాన్ఫిగ్‌లో ఇంజిన్‌ఎక్స్ పేరును మొదలయ్యేటప్పుడు ఒక్కసారే ఐపీగా మార్చుకుని అదే పట్టుకుని కూర్చుంటుంది. ‘డాకర్ కంపోజ్ ఎగ్జెక్ ప్రాక్సీ ఇంజిన్‌ఎక్స్ -ఎస్ రీలోడ్’ కొడితే వెంటనే దారికొస్తుంది.

ప్రతిసారీ ఈ తిప్పలు వద్దనుకుంటే కాన్ఫిగ్‌లో ‘రిజాల్వర్ 127.0.0.11 వాలిడ్=10ఎస్’ అని రాసి, వెబ్ చిరునామాను ఒక వేరియబుల్‌లో పెట్టి, ప్రాక్సీ పాస్‌కు ఆ వేరియబుల్ ఇవ్వండి. 127.0.0.11 డాకర్ సొంత డీఎన్ఎస్. వేరియబుల్ లేకుండా రిజాల్వర్ ఒక్కటే రాస్తే లాభం లేదు.

ఫోన్ డేటా మీద ఓపెన్ అయితది, ఇంట్ల వైఫై మీద అయితలేదు.

రూటర్ కథ. ఇంటి లోపల నుంచి ఇంటి పబ్లిక్ ఐపీకే పోయి వెనక్కి తిరిగి రావడాన్ని హెయిర్‌పిన్ అంటారు. ఆపరేటర్లు ఇచ్చే రూటర్లలో కొన్నింటికి అది చేతకాదు. ఇంట్లో పై-హోల్ లాంటి డీఎన్ఎస్ ఉంటే మీ డొమైన్‌కు లోపలి ఐపీ, ఉదాహరణకు 192.168.1.10, రాసేయండి. డెస్క్‌టాప్‌కు ఆ ఐపీ మారకుండా రూటర్‌లో రిజర్వ్ చేయడం మరవద్దు.

రూటర్‌ల 80, 443 ఫార్వర్డ్ జేసిన. అయినా బయటి నుంచి వస్తలేదు.

రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (రూటర్ బయటి వైపు ఐపీ) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నారు. అంటే ఆపరేటర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతున్నాడు. 10తోనో 192.168తోనో మొదలైనా తరచుగా అదే అర్థం, లేదా మీ రూటర్ ముందు ఇంకో రూటర్ ఉంది. సీజీన్యాట్ అయితే, మీ రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా, అసలు తలుపు ఆపరేటర్ దగ్గర మూసి ఉంది.

దీనికి మూడు దారులున్నాయి. ఆపరేటర్‌ను స్టాటిక్ పబ్లిక్ ఐపీ అడగడం, నెలకు కొంత అదనంగా అవుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ టనెల్ పెట్టుకోవడం, పోర్టులు తెరవాల్సిన పనే ఉండదు, కానీ ఉచిత ప్లాన్‌లో ఒక్కో అప్‌లోడ్ 100 ఎంబీ దాటకూడదు. మూడోది, ఒక చిన్న వీపీఎస్ (పబ్లిక్ ఐపీ ఉన్న వర్చువల్ సర్వర్) అద్దెకు తీసుకుని అక్కడి నుంచి ఇంటికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వేసుకోవడం. ఫోటోలు, వీడియోలు ఎక్కువగా పెట్టేవాళ్లకు మూడోదే మేలు.

వైర్‌గార్డ్ వేశాక ఒక కొత్త వింత రావచ్చు: లాగిన్ పేజీ చక్కగా వస్తుంది, పెద్ద పేజీ దగ్గర మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇది ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్‌కు గరిష్ఠ సైజు) గొడవ. వైర్‌గార్డ్ మామూలుగా 1420 బైట్ల ప్యాకెట్లే పట్టనిస్తుంది, డాకర్ 1500 అనుకుని పంపుతుంది. వీపీఎస్‌లో కూర్చుని, ఇంటి చివర ఉన్న వైర్‌గార్డ్ ఐపీకి ‘పింగ్ -ఎం డూ -ఎస్ 1392’ కొట్టండి. ఇక్కడ ఎం పెద్దక్షరం. 1392 పోయి 1393 పోకపోతే నిర్ధారణ అయినట్టే, హెడర్ల 28 బైట్లు కలిపితే సరిగ్గా 1420. కంపోజ్ ఫైల్లో ఆ నెట్‌వర్క్ ఎంటీయూను 1420కి దించండి.

సర్టిఫికెట్ వస్తలేదు, వచ్చినా మళ్ల ఎక్స్‌పైర్ అని చూపిస్తది.

ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలు పద్ధతిలో బయటి నుంచి మీ 80 పోర్ట్‌కు వచ్చి తనిఖీ చేస్తుంది. సైట్ 443 మీద నడిచినా 80 తెరిచి ఉండాల్సిందే. సీజీన్యాట్ వెనక ఉంటే ఆ తనిఖీ జరగదు, డీఎన్ఎస్ రికార్డు ద్వారా చేసే పద్ధతి వాడాలి. డొమైన్‌కు పాత ఐపీవీ6 రికార్డు మిగిలిపోయి ఉంటే తనిఖీ అటు పోయి దెబ్బతింటుంది, దాన్నీ చూడండి. కుదరట్లేదని పదేపదే కొట్టకండి: ఒక పేరుకు గంటలో 5 సార్లు తప్పితే కాసేపు ఆపేస్తారు. సర్టిఫికెట్ తెచ్చిపెట్టే సర్ట్‌బాట్‌ను ముందు ‘--డ్రై-రన్’తో ప్రయత్నించండి.

రెన్యూ అయినా పాతదే కనిపిస్తుంటే ఇంజిన్‌ఎక్స్‌ను రీలోడ్ చేయలేదని అర్థం. ఫైలు మారినంత మాత్రాన అది తిరిగి చదవదు. సర్ట్‌బాట్ డిప్లాయ్ హుక్‌లో రీలోడ్ కమాండ్ పెట్టండి. గడువు దగ్గరపడిందని మెయిల్ వస్తుంది కదా అని ధీమాగా ఉండకండి, ఆ మెయిల్స్ 2025 జూన్‌లో ఆపేశారు.

ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో పచ్చగా ఉండి ఫోన్ యాప్‌లో మాత్రం సర్టిఫికెట్ తప్పంటే, మీరు ‘సర్ట్’ ఫైలు ఇచ్చారు. ఇవ్వాల్సింది ‘ఫుల్‌చెయిన్’ ఫైలు.

‘టూ మెనీ రీడైరెక్ట్స్’ అంటది.

బ్రౌజర్ నుంచి ప్రాక్సీ దాకా హెచ్‌టీటీపీఎస్, ప్రాక్సీ నుంచి వెబ్ దాకా ఉత్త హెచ్‌టీటీపీ. వెబ్ దాన్ని చూసి ‘ఇది సురక్షితం కాదు, హెచ్‌టీటీపీఎస్‌కు పో’ అంటుంది. బ్రౌజర్ పోతుంది, ప్రాక్సీ మళ్లీ హెచ్‌టీటీపీలోనే అందిస్తుంది. గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతూ ఉంటుంది. ప్రాక్సీలో హోస్ట్, ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్లు రెండూ పంపండి. నెక్స్ట్‌క్లౌడ్ అయితే ట్రస్టెడ్_ప్రాక్సీస్‌లో ప్రాక్సీ నెట్‌వర్క్‌ను చేర్చి, ఓవర్‌రైట్‌ప్రోటోకాల్‌ను హెచ్‌టీటీపీఎస్ చేయండి. ముందు క్లౌడ్‌ఫ్లేర్ కూడా ఉంటే అక్కడ ‘ఫ్లెక్సిబుల్’ మోడ్ ఇదే చక్రం తిప్పుతుంది. ‘ఫుల్ స్ట్రిక్ట్’ పెట్టండి.

మేడారం జాతర వీడియో పెడుతుంటే సగంల ఆగుతుంది.

ఎలా ఆగుతుందో చూడాలి. 413 వస్తే ఇంజిన్‌ఎక్స్ హద్దు: క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ చెప్పకపోతే 1 ఎంబీయే. దాన్ని 2జీ చేయండి, సున్నా పెడితే హద్దే ఉండదు. వెనక నెక్స్ట్‌క్లౌడ్ నడిచే పీహెచ్‌పీకి కూడా తన హద్దులున్నాయి, అవీ పెంచాలి.

504 వస్తే ఫైలు చేరింది, వెబ్ జవాబు ఆలస్యం చేసింది. ప్రాక్సీ రీడ్ టైమౌట్ డిఫాల్ట్ 60 సెకన్లు. అది మొత్తం సమయం కాదు, రెండు రీడ్‌ల మధ్య మౌనానికి హద్దు. 300 చాలు. 3600 పెట్టినవాళ్లు జబ్బును దాచిపెట్టుకున్నట్టే.

408 వస్తే తప్పు సర్వర్‌ది కాదు. 600 ఎంబీ వీడియో 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద ఆగకుండా పోతేనే 20 నిమిషాలు పడుతుంది. లక్షల మంది ఒకే టవర్ల మీద ఉన్న చోట సిగ్నల్ నిమిషం పాటు తెగిందంటే క్లయింట్ బాడీ టైమౌట్ వచ్చి ఇంజిన్‌ఎక్స్ వదిలేస్తుంది. ఇంటికొచ్చి వైఫై మీద పెట్టుకోవడమే నయం.

కరెంటు పోయి వచ్చినంక డేటా అంతా పోయింది! మొదటిసారి సెటప్ పేజీ చూపిస్తుంది.

ఆగండి. ఆ సెటప్ పేజీలో ఒక్క అక్షరం కూడా టైప్ చేయకండి. డేటా పోయి ఉండకపోవచ్చు.

సాధారణంగా జరిగేది ఇది: డేటా బయటి యూఎస్‌బీ డిస్క్ మీద ఉంది. కరెంటు రాగానే మెషిన్ లేచింది, డిస్క్ ఇంకా మౌంట్ కాలేదు (దాని ఫోల్డర్‌కు జతపడలేదు). డాకర్ మాత్రం ఆగకుండా కంటెయినర్లను లేపింది. మౌంట్ పాయింట్ ఉత్త ఖాళీ ఫోల్డర్. వెబ్ దాన్నే చూసి ‘నేను కొత్తగా పుట్టాను’ అనుకుంది. ఆ తర్వాత డిస్క్ మౌంట్ అయినా లాభం లేదు, లేచేటప్పుడు చూసిన ఖాళీ ఫోల్డర్‌నే కంటెయినర్ పట్టుకుని ఉంటుంది. ‘డాకర్ కంపోజ్ స్టాప్’ కొట్టి, ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’తో డిస్క్ ఎక్కడ మౌంట్ అయిందో చూసుకుని, కాకపోతే మౌంట్ చేసి, అప్పుడు ‘డాకర్ కంపోజ్ స్టార్ట్’ కొట్టండి. పాతవన్నీ కనిపిస్తాయి. మళ్లీ జరగకుండా లైనక్స్‌లో సర్వీసులను లేపే సిస్టమ్‌డీలో డాకర్ సర్వీసుకు ‘రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్’ లైన్ (ఆర్, ఎం, ఎఫ్ పెద్దక్షరాలు) చేర్చి ఆ మౌంట్ దారి రాయండి. డిస్క్ రాకపోతే డాకర్ కూడా లేవదు.

కరెంటు వచ్చాక సైట్ అసలే రాకపోతే వరసగా చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. బయాస్‌లో కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టారా? ప్రతి సర్వీసుకు ‘రీస్టార్ట్: అన్‌లెస్-స్టాప్డ్’ ఉందా? పబ్లిక్ ఐపీ మారిందా? మారితే డైనమిక్ డీఎన్ఎస్ అప్‌డేట్ అయిందా?

ఇక చాలామంది పొరపడే సంగతి. కంపోజ్ ఫైల్లో డిపెండ్స్_ఆన్ రాశాం కాబట్టి డీబీ లేచాకే వెబ్ లేస్తుందని నమ్ముతారు. ఆ వరస కంపోజ్ కమాండ్ కొట్టినప్పుడే వర్తిస్తుంది. మెషిన్ రీబూట్ అయినప్పుడు కంటెయినర్లను లేపేది వెనక ఎప్పుడూ నడిచే డాకర్ డీమన్, దానికి ఈ వరస తెలియదు. కంపోజ్‌తో లేపినప్పుడు కూడా ఉత్త డిపెండ్స్_ఆన్ అంటే కంటెయినర్ మొదలైతే చాలనే. పోస్ట్‌గ్రెస్ సిద్ధమయ్యే దాకా ఆగాలంటే ‘పీజీ_ఈజ్‌రెడీ’తో హెల్త్‌చెక్ పెట్టి ‘కండిషన్: సర్వీస్_హెల్తీ’ అనాలి. రీబూట్ కోసం మాత్రం రీస్టార్ట్ పాలసీయే దిక్కు: పడిపోతూ లేస్తూ రెండు నిమిషాల్లో అన్నీ కుదురుకుంటాయి.

గడియారం కూడా చూడండి. రాస్‌బెర్రీ పై 4కు, అంతకు ముందువాటికి సొంత గడియారం లేదు. పాత డెస్క్‌టాప్‌లో సీఆర్2032 సెల్ అయిపోయినా అంతే. తేదీ వెనక్కి పోతే సర్టిఫికెట్లన్నీ ‘ఇంకా చెల్లుబాటులోకి రాలేదు’ అంటాయి. ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ కొట్టి తేదీ సరిచూడండి.

ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే పీసీ రీబూట్ అవుతుంటే, ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి, చాలావాటికి ఉంటుంది. రూటర్‌ను, ఫైబర్ బాక్స్‌ను కూడా దాని మీదే పెట్టండి. సర్వర్ బతికి రూటర్ చస్తే ఏం లాభం?

కంపోజ్ ఫైల్ మార్చి రీస్టార్ట్ కొట్టిన, మార్పు కనిపిస్తలేదు.

‘డాకర్ కంపోజ్ రీస్టార్ట్’ పాత కంటెయినర్‌నే ఆపి లేపుతుంది, ఫైలును చదవదు. ‘డాకర్ కంపోజ్ అప్ -డీ’ కొట్టండి.

ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్ ఫైలును ఒక్కదాన్నే మౌంట్ చేసి ఉంటే ఇంకో చిక్కు ఉంది. విమ్ లాంటి ఎడిటర్లు కొన్నిసార్లు పాత ఫైలులో రాయవు, కొత్త ఫైలు సృష్టించి పాత పేరు పెడతాయి. కంటెయినర్ పాత ఫైలునే చూస్తూ ఉంటుంది, మీరు ఎన్నిసార్లు రీలోడ్ కొట్టినా మారదు. ఫైలును కాకుండా ఫోల్డర్‌ను మౌంట్ చేయండి. రీలోడ్‌కు ముందు ‘ఇంజిన్‌ఎక్స్ -టీ’ తప్పనిసరి.

పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్ వేరే కథ. ఎన్విరాన్‌మెంట్‌లో ఇచ్చింది మొదటిసారి, డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. తర్వాత మార్చాలంటే డేటాబేస్ లోపలికి పోయి ‘ఆల్టర్ యూజర్’ కొట్టాలి.

వెబ్ దానంతటదే ఆగిపోతుంది. ఎగ్జిట్ 137 అని ఉంది.

137 అంటే 128కి 9 కలిపితే వచ్చింది, బలవంతంగా చంపారు. ఎక్కువసార్లు మెమరీ చాలక లైనక్స్ కెర్నలే చంపుతుంది. ‘డాకర్ ఇన్‌స్పెక్ట్’లో ‘ఓఓఎంకిల్డ్’ ట్రూ ఉందా చూడండి, ‘డీఎంఈఎస్‌జీ’లోనూ ఆనవాలు ఉంటుంది. స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా) పెంచడం తాత్కాలికమే. అప్పటికి 2 జీబీ ఇచ్చి, ఎవరు మింగుతున్నారో ‘డాకర్ స్టాట్స్’తో పట్టుకోండి.

డిస్క్ నిండిపోయింది. ఏం తీసేయాలె?

ముందు ‘డాకర్ సిస్టమ్ డీఎఫ్’. పాత ఇమేజ్‌లైతే ‘డాకర్ ఇమేజ్ ప్రూన్ -ఏ’ చాలు. ప్రూన్‌కు ‘--వాల్యూమ్స్’ తగిలించి కొట్టే సలహాలు ఎక్కడ కనిపించినా పట్టించుకోకండి, ఆ సమయానికి ఆగి ఉన్న సర్వీసు డేటాకు ముప్పు. అసలు దొంగ తరచుగా లాగ్ ఫైలు. డాకర్ డిఫాల్ట్‌గా లాగ్‌కు హద్దు పెట్టదు. డీమన్ జేసన్ ఫైల్లో మ్యాక్స్-సైజ్ 10ఎం, మ్యాక్స్-ఫైల్ 3 అని పెట్టండి. ఇది కొత్తగా పుట్టిన కంటెయినర్లకే వర్తిస్తుంది.

హాస్టల్ల డాకర్ ఇన్‌స్టాల్ జేసినంక కాలేజీ పోర్టలే ఓపెన్ అయితలేదు.

క్యాంపస్ నెట్‌వర్క్ 172.18 లాంటి ఐపీలు వాడుతోంది, డాకర్ కూడా తన నెట్‌వర్క్‌లకు అవే తీసుకుంది. ఇప్పుడు పోర్టల్‌కు పోవాల్సిన ప్యాకెట్ మీ ల్యాప్‌టాప్‌లోనే తిరుగుతోంది. డీమన్ జేసన్‌లో డిఫాల్ట్-అడ్రస్-పూల్స్ కింద క్యాంపస్ వాడని రేంజ్, ఉదాహరణకు 10.201.0.0/16, సైజ్ 24 ఇవ్వండి. డాకర్‌ను రీస్టార్ట్ చేసి, పాత నెట్‌వర్క్‌లు పోయేలా ఈసారి మాత్రం డౌన్, అప్ రెండూ కొట్టండి.

యూఎఫ్‌డబ్ల్యూల 8080 బంద్ పెట్టిన, అయినా బయటి నుంచి కనిపిస్తుంది.

డాకర్ తెరిచిన పోర్టులు యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటు ఫైర్‌వాల్) రూల్స్ దాకా రావు. డాకర్ రాసుకున్న ఐపీటేబుల్స్ రూల్స్ వాటిని ముందే దారి మళ్లిస్తాయి. ప్రాక్సీ ఉన్నప్పుడు వెబ్‌కు పోర్ట్ తెరవనే వద్దు. మెషిన్ నుంచి పరీక్షించుకోవాలంటే 127.0.0.1:8080:80 అని రాయండి. డేటాబేస్ 5432ను మాత్రం ఏ కారణంతోనూ బయటికి తెరవకండి.

ఎవర్నన్న సాయం అడిగేటప్పుడు ఏమేం పంపాలె?

‘సైట్ పని చేస్తలేదు’ అని స్క్రీన్‌షాట్ ఒక్కటే పంపితే ఎవరూ ఏమీ చెప్పలేరు. కంపోజ్ పీఎస్ -ఏ ఫలితం, ప్రాక్సీ, వెబ్ లాగ్స్‌లో తప్పు జరిగిన నిమిషానికి అటూ ఇటూ 30 లైన్లు, ‘కర్ల్ -వీ’ ఫలితం, చివరగా ఏం మార్చారో పంపండి. ‘డాకర్ కంపోజ్ కాన్ఫిగ్’ ఫలితం కూడా పనికొస్తుంది కానీ అందులో పాస్‌వర్డ్లు విప్పిన అక్షరాల్లో ఉంటాయి. వాటిని చెరిపాకే పంపండి, చెరపకుండా పంపేసి ఉంటే ఆ పాస్‌వర్డ్లు ఈరోజే మార్చేయండి.